పదుమూడవ సాధనము

అహోబిల నృసింహస్వామి ఏటేట మకర సంక్రాంతి కడచినతోడనే పల్లకి నెక్కి పల్లెలకు బయలుదేరును. నలువది దినములకు పైగా ఆయన కొలువు ఊరూర నుండు అరుగులమీదనే. తన పెండ్లికి తానే పిలుపులు పిలుచుటకై స్వామి వెడలెనని జనుల నమ్మకము. చెంచులక్ష్మిని చేపట్టినవాడు గనుక చెంచులు ఆయనకు అత్తవారింటివారు. వారు పల్లకిపై బాణమును విడుచుట ఆ యుత్సవమున తరతరములుగా వచ్చుచున్న మర్యాద. దీనికే పార్వేట యని పేరు. ఇందలి భక్తి సంగతి భక్తులెఱుగుదురు. మేము గమనించునది వేఱొకటి. కొండమీది దైవము సయితము బీదవానితో పని కలిగినపుడు వాని వాకిటికి తానే పోవలయునని మన పెద్దలు నిర్ణయించిరి. ఈ కాలపు పథకము అట్లు పోదు. అది మండల కేంద్రమున కూర్చుండి దరఖాస్తు తెమ్మనును, వ్రేలిముద్ర వేయుమనును, యంత్రము పలుకలేదు, రేపు రమ్మనును. రాతిపనిలో వ్రేళ్ళరిగిన కూలివానికి ముద్ర పడదన్న మాట ఆ యంత్రమును కొన్నవారికి ఎవరు చెప్పవలెను?

అభివృద్ధి యను మాటకు రాయలసీమలో కొదువ లేదు. కొదువ యెల్ల ఆ మాటవెంట రావలసిన వస్తువునకే. కర్నూలు, కడప సీమలలో ఏటి వర్షపాతము సగటున 650 మొదలు 700 మిల్లీమీటర్లు. అదియు నమ్మదగినది కాదు. ఒక యేడు చెఱువు తెగును, మఱుయేడు చెఱువడుగు బీటలు వాఱును. ఇట్టి సీమలో పెట్టిన ప్రతి రూపాయయు రెండు రూపాయల పని చేయవలసియుండగా మన కన్నులయెదుట జరుగుచున్నదేమి? శంకుస్థాపన శిలాఫలకము నిలుచును, కట్టడము నిలువదు. ఫ్లోరైడు నీటి పల్లెకు శుద్ధియంత్రము వచ్చును. దాని పొరను మార్చుటకు డబ్బును రాదు, మార్చు నేర్పరియు రాడు. ఇంటింటికి కొళాయి వచ్చును. కొళాయిలోనికి నీరు వచ్చుట యింకెవరిదో పని. 2019 ఆగష్టు 15న ప్రకటింపబడిన జలజీవన మిషను, 2024 నాటికి దేశమందలి ప్రతి పల్లెయింటికిని మనిషికి దినమునకు 55 లీటర్ల చొప్పున కొళాయినీరిత్తుమని గడువు పెట్టుకొన్నది. 2025లో ఆ గడువు 2028 వఱకు పొడిగింపబడినది. గడువు పొడిగించుట నేరమని మేమనము. గొట్టము పాతిన దినముననే పని ముగిసినదని లెక్క వ్రాసికొను అలవాటే నేరమనుచున్నాము.

ఇది ధనలోపము మాత్రమే యని చెప్పువారు కలరు. మేమొప్పుకొనము. ఇది తలపెట్టు తీరులోని లోపము. ఎవరికొఱకు పని చేయుచున్నామో వారి కాలినడక యెంత, చేతి బలమెంత, చేతిలో రొక్కమెంత, చెడినపుడు బాగుచేయు విద్య వారిలో ఎవరికి కలదు, ఈ సంగతులు తెలియకయే పటము గీయుచున్నారు. గీసినపిమ్మట గ్రామసభలో వేలిముద్రలు వేయించుకొనుచున్నారు. పెండ్లి జరిగినపిమ్మట పిల్లను చూచుటవంటిది ఈ వ్యవహారము.

దూరమునే ఒక పరీక్షగా పెట్టిన ప్రభుత్వమును మన సీమ యొకప్పుడు చూచినది. 1876 మొదలు 1878 వఱకు వచ్చిన ధాత కఱవులో సర్ రిచర్డు టెంపుల్ దొరగారు, సహాయపు పనులకు వచ్చు కూలివానికి దినమునకు ఒక పౌను ధాన్యమును, పైని కొంచెము రొక్కమును చాలునని తేల్చిరి. పనిచోటు ఇంటికి 10 మైళ్ళకు తక్కువ దూరమున నుండరాదనిరి. నిజముగా ఆకలిగొన్నవాడు నడచి వచ్చునట! 1871 జనాభా లెక్కకును 1881 లెక్కకును నడుమ కర్నూలు జిల్లా జనసంఖ్య ఇంచుమించు నాలుగవవంతు తగ్గినది. ఆ నియమము క్రూరమని నేడందఱు నొప్పుకొందురు. కాని 2023 జనవరి నుండి ఉపాధిహామీ పనిచోట్ల హాజరును చేతిఫోనులో తీసిన ఛాయాచిత్రముతోనే పంపవలయునని దేశమంతటికిని ఒక్క నియమము విధించినపుడు, నల్లమల లోయలలో ఆ ఫోనునకు సంకేతమందునా యని అడిగినవారెవరు? విధించినవారి హృదయములో క్రూరత్వము లేకపోవచ్చును. చెమటోడ్చి పని చేసి కూలి కోల్పోవువానికి వారి హృదయముతో పని లేదు.

ముందు చూచి పని తలపెట్టు తెలివి మనకు పరదేశమునుండి రావలసిన వస్తువు కాదు. అహోబిలపు కొండలు దాటి నల్లమల కావలితట్టున సగిలేటి లోయలోనికి దిగినచో పోరుమామిళ్ళ కలదు. అచ్చటి భైరవాలయము ముందటి రాళ్ళమీద చెక్కిన సంస్కృత శాసనము శక వర్షము 1291, అనగా క్రీ. శ. 1369 నాటిది. మొదటి బుక్కరాయల కుమారుడగు భాస్కరుడు ఉదయగిరి రాజ్యము నేలుచు అచ్చట నొక చెఱువు కట్టించి అనంతరాజసాగరమని పేరిడెను. రెండేండ్లపాటు దినమునకు వేయిమంది కూలీలును, రాతిని తోలుటకు నూఱు బండ్లును పని చేసినవని ఆ శాసనము చెప్పుచున్నది. సుఖ్తంకరు పండితుడు దీనిని ఎపిగ్రాఫియా ఇండికాలో ప్రకటించి లోకమునకు తెలిపినాడు. పఠనమందిరములకు వచ్చు మన యువకులలో ఎందఱు దీనిని చూచిరో మాకు సందేహమే. అమెరికా ఆనకట్టల పేర్లు మాత్రము వారు తడుముకొనక చెప్పగలరు.

మంచి చెఱువునకు పన్నెండు సాధనములు కావలెనని ఆ శాసనము. ధర్మపరుడై, ధనవంతుడై, కీర్తిని గోరు రాజు, జలశాస్త్ర మెఱిగినవాడు, గట్టి మన్ను గల నేల, మూడు యోజనముల దూరమునుండి పాఱివచ్చు తీయని నీటి యేఱు, అండగా నిలుచు కొండ, ఆ కొండకొనల నడుమ మిక్కిలి పొడవు గాక గట్టి రాతితో కట్టిన కట్ట, లోతును వైశాల్యమును గల గర్భము, దాపున నిడుపైన రాళ్ళు దొరకు గని, సమముగా నుండి ఫలించు ఆయకట్టు, పనితనము నేర్చిన జనము, ఈ రీతిగా చెప్పుకొని వచ్చి వెంటనే ఆఱు దోషములను చెప్పినారు. కట్ట నీరూఱుట, చవిటినేల, రెండు రాజ్యముల పొలిమేరలో కట్టుట, గర్భము నడుమ తాబేటి వీపువంటి మిట్ట యుండుట, నీరు కొంచెమై ఆయకట్టు పెద్దదగుట, నీరు మిక్కుటమై నేల కొంచెమగుట. పొలిమేరలో చెఱువు వలదన్న ఆ మహానుభావుడు కృష్ణా తుంగభద్రల తగవులను కలగన్నాడేమో తెలియదు! కడపటి రెండు దోషములను మాత్రము చదువరులు మఱియొకమాఱు చదువవలెను. ఉన్న నీటికి తగిన పని, ఉన్న నేలకు తగిన నీరు. నేడు సుస్థిరాభివృద్ధి యని పెద్ద పేరుతో సభలలో చెప్పుచున్నదానిలో సగము ఈ రెండు మాటలలో నున్నది.

కొండ కీవలితట్టున తెల్లదొరలు చేసిన పనిని దీనితో పోల్చి చూడుడు. లండనునందేర్పడిన మద్రాసు ఇరిగేషను కంపెనీ, సర్ ఆర్థరు కాటను ఊహను పట్టుకొని, 1863లో కర్నూలు కడప కాలువను త్రవ్వ మొదలిడినది. తుంగభద్రమీది సుంకేసుల ఆనకట్టనుండి నంద్యాలమీదుగా కుందేటి లోయవెంట కడప దాపువఱకు 190 మైళ్ళు. పడవలును నడువవలెను, పంటలును పండవలెను. 10 లక్షల పౌనుల మూలధనముపై నూటికి 5 చొప్పున వడ్డీకి దొరతనమువారు పూచీపడిరి. కనుక పని చెడినను వాటాదారునకు బెదురు లేదు. కాలువ వచ్చినది. నీరు వచ్చినది. నీటిని కొనువాడు రాలేదు. నల్లరేగడిలో జొన్నయు ప్రత్తియు వానకే పండించుకొను రైతు, వాన మొగము చాటువేసిన యేట తప్ప, రొక్కముగా తీరువ చెల్లించి కాలువనీరు పెట్టుట కిష్టపడలేదు. పెట్టిన సొమ్మునకు వడ్డీయైనను రాలక, 1882లో ప్రభుత్వమే కాలువను కొనవలసివచ్చినది. నీరిచ్చినను పుచ్చుకొనని రైతు మూఢుడని ఆనాడు తలచినవా రుండవచ్చును. అతడు మూఢుడు కాడు. తన నేల నెఱిగినవాడు. కాటనుదొర గోదావరి మండలమునకు చేసిన మేలును మేము కాదనము. డెల్టాలో కొలిచిన కొలబద్దనే రేగడిమీదను పెట్టుట దోషము. తరువాతి కాలమున మార్పులు జరిగి, రైతునకు అలవాటై, ఆ కాలువయే నంద్యాల సీమకు బువ్వ పెట్టినమాట నిజము. అప్పటికి ఎంత సొమ్ము, ఎంత కాలము వ్యర్థమైపోయినది!

2020లో అంతర్జాతీయ నీటిపారుదల సంఘము తన వారసత్వ కట్టడముల పట్టికలో పోరుమామిళ్ళ చెఱువును, కంభము చెఱువును, కర్నూలు కడప కాలువను ఒక్కమాఱే చేర్చినది. మనవారు మూడింటికిని సమానముగా చప్పట్లు చఱచిరి. ఒకటి నేర్చుకొనుటకు, ఒకటి జాగ్రత్తపడుటకు అని విడదీసి చెప్పినవాడు కనబడలేదు.

అయినను పోరుమామిళ్ళ రాతికి మ్రొక్కి యూరకుండుట మా యుద్దేశము కాదు. అందు చెప్పినవి పన్నెండే. ఆ నీరు ఎవరి కడవకు అందవలెనో చెప్పు పదుమూడవ సాధనము అందు లేదు. చెఱువులు త్రవ్వించి పుణ్యము గట్టుకొన్న మన పూర్వులే ఊరిలో కొందఱిని చెఱువుగట్టు త్రొక్కనీయక వెలివాడలో నిలిపిరి. 1927 మార్చి 20న మహాడు పట్టణములో చౌదారు చెఱువు నీటిని డాక్టరు అంబేద్కరు తన జనముతో పోయి దోసిట త్రాగుట ఒక మహాసత్యాగ్రహ మైనది. దోసెడు నీరు త్రాగుటకు ఉద్యమము కావలసిన దేశమున, ప్రాచీన జలవైభవమును గూర్చి ఉపన్యసించునపుడు గొంతు కొంచెము తగ్గించుకొనుట మంచిది.

ఆ పదుమూడవ సాధనమును మనము చెక్కవలెను. పని అందవలసినవారిలో కట్టకడపటి మనిషి యెవరో ముందే గుర్తించి, ఆ మనిషితో పని మొదలుపెట్టుటయే అది. ఆ మనిషి కాలువ తోకను రెండెకరములు గల విధవరాలు కావచ్చును. కన్ను కనబడని తాత కావచ్చును. గూడెములోని చెంచుబిడ్డ కావచ్చును. నీటితొట్టి గట్టు ఎంత యెత్తుండవలెను? కడవ నెత్తుకొను ముసలిదాని నడుమునకు సరిపోవునంత. బడికి మెట్లెన్ని? కాలు లేని పిల్లవాడు తానుగా ప్రాకి యెక్కునన్ని కాదు. అసలు మెట్లే లేని వాలుదారి కావలెను. దివ్యాంగుల హక్కుల చట్టము 2016లోనే వచ్చినది. అది పట్టణపు కచ్చేరీలకు వ్రాసినది గాని పల్లెకు కాదని మనవారి భావము కాబోలు. అహోబిలమున కొండ నెక్కలేని యాత్రికుని డోలీలో మోసికొని పోవుదురు. ఎక్కలేనివానికి దారియేది యను ప్రశ్న మనకు క్రొత్త కాదు. అయితే డోలీ బోయీలకు కూలి యిచ్చుకొనగలవానికి దారి దొరకినది. బోయీ ముసలివాడైన నాడు వానిని మోయువాడెవడు?

ఇక నిలుకడ మాట. ఈ దత్తమండలములలో చెఱువు కట్టినవానికిని, దానిని కాపాడువానికిని దశబంధ మాన్యము లుండెడివి. ఆ చెఱువు క్రింది భూమియే వాని ప్రతిఫలము. చెఱువు నిండిననే వాని గాదె నిండును. కట్ట తెగినచో వాని పొలమే ముందెండును. నీరు పంచుటకు నీరుగంటి యుండెడివాడు. అతనికి కళ్ళములో మేర ముట్టెడిది. 1858లో ఏర్పడిన ఇనాము కమీషను మొదలు 1956 ఇనాముల రద్దు చట్టము వఱకు జరిగిన మార్పులలో, మాన్యము ఒకరి పట్టాభూమి యైనది, చెఱువు సర్కారుపా లైనది, రెండింటిని కట్టియుంచిన ముడి వీడిపోయినది. ఇనాముల రద్దును మేము నిందింపము. వంశపారంపర్యపు పెత్తనము పోవలసినదే. పెత్తనముతోబాటు పోయిన పూచీకి బదులేమి పెట్టితిమి? 1997లో నీటి వినియోగదారుల సంఘములకు చట్టము చేసితిమి. ఎన్నికలు ఒకప్పుడు జరిగెను, ఒకప్పుడు ఏండ్లతరబడి నిలిచెను. సంఘమునకు అధ్యక్షుడు దొరకును. తూము మూయువాడు దొరకడు.

నల్లమల చెంచులలో ఒక యాచారము కలదని చెప్పుదురు. కొండచఱియకు పట్టిన తేనెకై త్రాటిమీద దిగునపుడు ఆ త్రాడును బావమఱది చేతికిత్తురట. త్రాడు జాఱినచో తన తోబుట్టువే విధవ యగును గనుక అతడు జాఱనీయడు. మన పథకముల త్రాడు ఎవరి చేతిలో నున్నది? బిల్లు ముట్టిన మఱునాడు ఊరు మఱచు గుత్తేదారు చేతిలో! ఇంజనీరింగు కళాశాలలలో చెప్పని ఈ పాఠమును గూడెమునకు పోయి నేర్చుకొనవలసినవారు, గూడెమునకు పాఠము చెప్పుటకు పోవుచున్నారు.

ఆ చెంచుల గతియే చూడుడు. 1975లో ప్రభుత్వము వారిని ఆదిమతెగగా గుర్తించినది. 1978లో వారి యడవి అభయారణ్యమైనది. అడవిలో తేనె, జిగురు, కుంకుడు. రోడ్డుప్రక్కన సిమెంటు ఇల్లు. ఇల్లిచ్చినవారు దాతలమనుకొందురు, బ్రతుకు ఒకచోట, పైకప్పు ఒకచోట నున్నవాడు తాళమువేసి అడవికి పోయినచో, వీరికెంత చేసినను ఇంతే యని నిట్టూర్తురు. 2006 అటవీహక్కుల చట్టము వారి సాముదాయిక హక్కును ఒప్పుకొన్నది. ఆ హక్కుపత్రమును చేతికిచ్చుటకు మాత్రము తాలూకా కచ్చేరీలకు తీఱిక చాలదు. 2023 నవంబరులో ఇట్టి తెగలకై 24 వేల కోట్ల రూపాయల పైబడిన జన్‌మన్ పథకమును కేంద్రము ప్రారంభించినది. సొమ్ము మంచిదే. ఇల్లు ఎక్కడ, ఏ తీరున, ఏ దిక్కునకు వాకిలి పెట్టి కట్టవలెనో ఆ యింటి ఆడువారిని అడిగిననాడు ఆ సొమ్ము సార్థకమగును.

ఉపకరణముల విషయమునను ఇదే న్యాయము. మనవారు బోరింగు అనుచున్న ఇండియా మార్కు 2 చేతిపంపు 1970 దశకమున యూనిసెఫు తోడ్పాటుతో ఈ దేశముననే రూపొందినది. గట్టిది, లక్షల పల్లెలకు నీరిచ్చినది. కాని లోపలి వాషరు అరిగినపుడు గొట్టములన్నిటిని బావినుండి పైకి లాగవలెను. దానికి పలువురు మనుష్యులు, వేఱు పనిముట్లు, దూరమునుండి బండి. ఒక తోలుముక్కకై ఊరు వారములతరబడి దాహము పడవలసినదే. 1980 దశకమున కోయంబత్తూరు ప్రాంతమున పరీక్షలు చేసి, గొట్టము కదలింపకయే లోపలి పనిముట్టును పైకి తీయునట్లు మార్కు 3ను చేసిరి. ఊరివారే బాగుచేసికొనదగిన పంపు కావలెనను ఆలోచన దానికి మూలము. ఇది చిన్న మార్పు; పత్రికలలో దీనికి పెద్ద శీర్షికలు రాలేదు. పెద్ద శీర్షికలు వచ్చినది దక్షిణాఫ్రికాలో పుట్టిన యొక వింతకు. పిల్లలాడుకొను రంగులరాట్నమునకు పంపు తగిలించి, వారు తిరుగుచుండ నీరు పైకి వచ్చునన్నారు. 2006లో అమెరికా ప్రభుత్వమును ధర్మసంస్థలును కలిసి 1 కోటి 64 లక్షల డాలర్లు ఇత్తుమనిరి. 2010 నాటికి 4,000 పంపులు నాటుదుమనిరి. పిల్లలు బడికి పోయిన వేళ, ఆట విసువు పుట్టిన వేళ, నడివయసు ఆడువారు ఆ రాట్నమును చేతులతో త్రోయవలసి వచ్చినది. ఆ యుద్యమము గడువునకు ముందే చల్లాఱినది. దానిని చూచి మురిసినవారిలో నీరు మోయువారు లేరు.

పల్లెటూరివారికి శాస్త్రము తెలియదు, వారినడిగి పటము గీసిన పని చెడునని మాపై ఆక్షేపణ రావచ్చును. సమాధానము అహోబిలమునకు చేరువనే కలదు. ఆళ్ళగడ్డ ప్రాంతమందలి ముత్యాలపాడు కేంద్రముగా గల బర్డ్స్ అను సంస్థ, ఇతర సంస్థలతో గూడి, ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో 2003 నుండి కొన్ని యేండ్లు రైతులచేతనే భూగర్భజలములను కొలిపించినది. కర్నూలు, కడప, అనంతపురములతో చేరి 7 జిల్లాలు, 600 పైచిలుకు గ్రామములు. రైతులు, ఆడువారును కలిసి, వానకొలత తీసిరి. పక్షమున కొకమాఱు బోరుబావులలో నీటిమట్టము కొలిచిరి. గోడమీద అంకెలు వ్రాసిరి. రబీ విత్తుటకు ముందు అందఱు కూర్చుండి, నేలలో నున్న నీరింత, మనము వేయదలచిన పంటలు త్రాగునది యింత యని ఇంటిలెక్కవలె వేసికొనిరి. నిషేధము లేదు, జుల్మానా లేదు, బోరునకు తాళము లేదు. లెక్క చూచుకొని అనేకులు వరి తగ్గించి ఆరుతడి పంటలకు మరలిరి. పెక్కు పరీవాహకములలో నీటి తోడకము తగ్గినది. భూగర్భజలశాఖ చట్టములతో కానిది గోడమీది అంకెలతో కొంత అయినది.

దీని రెండవ ముఖమును దాచుట న్యాయము కాదు. పథకపు కాలము తీఱి సహాయకులు వెడలినపిమ్మట అనేక గ్రామములలో ఆ కొలత నిలిచిపోయినది. రైతునకు విద్య వచ్చినది. ఆ విద్యకు ఊరిలో పీఠము రాలేదు. పంచాయతీ లెక్కలలో ఆ పనికి పద్దు లేదు, కొలుచువానికి మేర లేదు. 73వ రాజ్యాంగ సవరణ 1993లో అమలునకు వచ్చి చిన్ననీటి వనరులను, త్రాగునీటిని పంచాయతీలు చేపట్టదగిన 29 విషయములలో చేర్చినది. విషయములు చేరినవి గాని సంచి రాష్ట్ర రాజధానిలోనే యుండిపోయినది. జబల్పూరు చెఱసాలలో నుండి వ్రాసి 1945లో ప్రకటించిన గ్రంథమున జె. సి. కుమారప్పగారు శాశ్వతమైన అర్థవ్యవస్థను గూర్చి హెచ్చరించిరి. ఆయన పేరు స్వరాజ్య ప్రభుత్వములు జయంతుల కొఱకు దాచిపెట్టినవి.

చిన్న పనులతో రాయలసీమ దాహము తీఱునా, పెద్ద ప్రాజెక్టులు వలదందురా యని మఱికొందఱు మాపై లేతురు. వలదని మేమనలేదు. 1937 నవంబరు 16న శ్రీబాగు ఒడంబడికలో కృష్ణా, తుంగభద్రా, పెన్నా జలములపై ఈ సీమకు ముందు హక్కు ఒప్పుకోబడినది. ఆ బాకీ తీఱలేదు, దానిని వదలుకొనరాదు. శ్రీశైలము క్రింద 1981లో ఇండ్లు వాకిండ్లు విడిచిన వేలాది కుటుంబముల ఋణమును ఈ దేశముపై నున్నది. గోదావరినుండి బనకచెర్లకు నీరు తెచ్చుటకు 80,000 కోట్ల రూపాయల పైబడిన పథకము 2024లో ప్రకటింపబడినది. 2025 జూనులో కేంద్ర నిపుణుల సంఘము దానిని త్రిప్పిపంపినది. దాని భవితవ్య మెట్లున్నను, ఆ నీరు వచ్చువఱకు ఊరిచెఱువు పూడిక తీయరాదని ఎక్కడ వ్రాసియున్నది? గోదావరి వచ్చినను అది నిలువవలసినది ఈ చెఱువులలోనే గదా. కట్టలు తెగి తూములు విఱిగియున్న సీమకు గోదావరి వచ్చి ఎక్కడ కూర్చుండును? పెద్ద పనిపేర చిన్న పనిని వాయిదావేయుట మన నాయకులకు సుఖమైన మార్గము. పెద్దపని వారి కాలమున ముగియదు, చిన్నపని ముగియలేదని అడుగువాడు లేడు.

అడుగువారు కావలెను. 2024 ఆగష్టు 23న ఈ రాష్ట్రమందలి 13,326 పంచాయతీలలో ఒక్కనాడే గ్రామసభలు జరిగినవి. అది సంఖ్యకు గొప్ప. ఆనాడు ఎన్ని సభలలో, మంజూరైన పనుల జాబితాను చదివి ముగించుటకు మించి ఏమైన జరిగినది? ఇకముందు జరుగు సభలకు ఆళ్ళగడ్డ, రుద్రవరము, చాగలమఱ్ఱి సీమల పఠనమందిరములవారు ఒక కాగితము వ్రాసికొని పోవలెనని మా కోరిక. ప్రతి పనికిని దానిని వాడుకొనబోవు కడపటి మనిషి పేరు అందుండవలెను. చెడినపుడు బాగుచేయువాని పేరును, అతనికి కూలి ఏ పద్దునుండి వచ్చునో అదియు నుండవలెను. వెనుకటి మూడేండ్లలో ఆ యూర కట్టినవానిలో నేడు పనిచేయుచున్నవెన్ని, మూలబడినవెన్ని అను లెక్క యుండవలెను. పఠనమందిరపు వెలుపలి గోడమీద వానకొలతయు, ఊరిలో నాలుగు బోరుల నీటిమట్టమును పక్షమున కొకమాఱు సున్నముతో వ్రాయవలెను. ఒక వానకొలపాత్రయు, ఒక కొలత్రాడును కొనుటకు సంఘపు చందా చాలును. కర్నూలు బిడ్డయగు గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు గ్రంథాలయోద్యమమును, వయోజనవిద్యను భుజాన వేసికొని తిరిగినది పత్రికలు మడతపెట్టి దాచుటకు కాదు. సభలో ఆ కాగితమును మొదట చదువరానివారికి చదివి వినిపింపవలెను. వారు తప్పని చెప్పిన పంక్తిని అక్కడికక్కడనే కొట్టివేసి, వారు చెప్పినట్లు తిరిగి వ్రాయవలెను.